డాసన్ సిటీ, టూంబ్‌స్టోన్ కొండలు: మొదటిసారి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

కెనడా వాయవ్య మూలన, క్లోండైక్ నది వచ్చి యూకాన్ నదిలో కలిసే చోట డాసన్ సిటీ ఉంది. దానికి ఈశాన్యంగా టూంబ్‌స్టోన్ పార్కు కొండలున్నాయి. ఈ రెండు చోట్లకూ ఎప్పుడు వెళ్లాలి, ఏ కారు తీసుకోవాలి, ఎలుగుబంట్లు ఎదురైతే ఏం చేయాలి అని చాలామంది అడుగుతున్నారు. విడివిడిగా చెప్పిన జవాబుల్లో ప్రతిసారీ ఏదో ఒకటి తప్పిపోతోంది. అందుకే ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న వరుసలో అన్నీ ఒకేచోట రాస్తున్నాను.

మొదట ఒక్క మాట. డాసన్ చాలా చిన్న ఊరు, దాని చుట్టూ ఉన్న దూరాలు మాత్రం చాలా పెద్దవి. మన ఇష్టంతో మారనివి ఇక్కడ నాలుగున్నాయి: రోడ్డు, నది, పెట్రోలు, వాతావరణం. ప్రయాణాన్ని వాటి చుట్టూ అల్లుకుని, చివర ఒక ఖాళీ రోజు ఉంచుకుంటే మిగతావన్నీ సర్దుకుంటాయి.

## 1. ముందు నెల, తర్వాతే టికెట్లు

జూన్: వెలుతురు కోసం వెళ్లేవారి నెల. డాసన్ ఆర్కిటిక్ వలయానికి కొంచెం దక్షిణంగా ఉంది కాబట్టి సూర్యుడు అస్తమిస్తాడు, కానీ అర్ధరాత్రి దాటాక, అదీ కాసేపే. చీకటి పడదు. కళ్లకు కట్టుకునే గుడ్డ లేకపోతే నిద్ర పట్టదు. దోమల బెడద ఎక్కువ.

జూలై: వెచ్చగా ఉంటుంది. వానలు, అడవి మంటల పొగ రెండూ ఉండవచ్చు.

ఆగస్టు మధ్య: ఆగస్టు మూడో సోమవారం డాసన్ ఉన్న యూకాన్ ప్రాంతం అంతటా డిస్కవరీ డే సెలవు. 1896 ఆగస్టులో ఈ వాగుల్లో బంగారం బయటపడిన సందర్భం అది. ఆ వారాంతంలో ఊళ్లో గది దొరకడం కష్టం. నెలల ముందే బుక్ చేసుకోండి, లేదా ఆ మూడు రోజులు వదిలేయండి.

ఆగస్టు చివరి వారం, సెప్టెంబరు మొదటి వారం: నా ఎంపిక ఇదే. టూంబ్‌స్టోన్ లోయల్లో నేలబారు పొదలన్నీ ఎర్రగా, పసుపుగా మారతాయి. దోమలు దాదాపు పోతాయి. రాత్రులు చీకటిగా ఉంటాయి కాబట్టి ఆకాశం తెరిపిగా ఉంటే ఉత్తర ధ్రువ కాంతులూ కనిపించవచ్చు. కొండల మీద రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగుతుంది, మంచు కూడా పడవచ్చు. ఈ పదిహేను రోజుల అందం కోసం ఆ చలిని భరించవచ్చని నా గట్టి అభిప్రాయం.

సెప్టెంబరు సగం దాటాక హోటళ్లు, దుకాణాలు ఒక్కొక్కటిగా మూతపడతాయి. చలికాలంలో మైనస్ 40 డిగ్రీలు కొత్త విషయం కాదు. మొదటి ప్రయాణానికి చలికాలం వద్దు.

## 2. పత్రాలు

- భారత పాస్‌పోర్టు ఉన్నవారికి కెనడా సందర్శక వీసా తప్పనిసరి. వేలిముద్రలు, ఫొటో ఇవ్వడానికి హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. వీసా చేతికి వచ్చాకే డబ్బు వెనక్కి రాని బుకింగులు చేయండి.
- అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లు చాలామంది ఇక్కడ పొరపడుతున్నారు. హెచ్1బీ ఉన్నా కెనడా వీసా కావాలి. గ్రీన్ కార్డు ఉన్నవారికి చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు సరిపోతాయి.
- డాసన్ నుంచి అలాస్కా వైపు వెళ్లాలనుకుంటే అమెరికా వీసా చేతిలో ఉండాలి. తిరిగి కెనడాలోకి రావడానికి అనుమతి ఉందో లేదో ముందే సరిచూసుకోండి.
- కారు నడిపేవారు సొంత లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకెళ్లండి.
- ప్రయాణ బీమాలో విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు ఉందో లేదో చదవండి. డాసన్‌లో ఉన్నది చిన్న ఆసుపత్రి. పెద్ద సమస్య వస్తే అక్కడి నుంచి విమానంలోనే తరలిస్తారు.

## 3. బండి: అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి

వాంకూవర్ నుంచి యూకాన్ రాజధాని వైట్‌హార్స్‌కు విమానాలున్నాయి. అక్కడి నుంచి డాసన్‌కు ఎయిర్ నార్త్ చిన్న విమానం నడుపుతుంది. ఊరు మాత్రమే చూడాలనుకుంటే విమానం చాలు. కొండలు కూడా చూడాలంటే వైట్‌హార్స్‌లో కారు తీసుకోవాలి.

వైట్‌హార్స్ నుంచి డాసన్ దాకా మామూలు కారు చాలు. చిక్కంతా ఆ తర్వాతే. టూంబ్‌స్టోన్‌కు వెళ్లే డెంప్‌స్టర్ హైవే దాదాపు మొత్తం కంకర రోడ్డు. ఆ కంకరలో చాలా చోట్ల పదునైన పలకరాయి ముక్కలుంటాయి. అవి టైరును కత్తిలా కోస్తాయి. అందుకే చాలా అద్దె ఒప్పందాలు కంకర రోడ్లను, కొన్నయితే డెంప్‌స్టర్‌ను పేరు పెట్టి మరీ నిషేధిస్తాయి. నిషేధం ఉన్న కారుతో వెళ్లి ఏదైనా జరిగితే బీమా వర్తించదు. బండిని లాక్కొచ్చే ఖర్చు కూడా మీదే.

కారు బుక్ చేసే ముందు ఈ ప్రశ్నలు ఈమెయిల్‌లో అడిగి, జవాబు కాగితం మీద ముద్రించి దగ్గర ఉంచుకోండి. ఫోనులో చెప్పిన మాట పనికిరాదు.

- డెంప్‌స్టర్ హైవే మీద ఈ బండిని నడపవచ్చా? ఎంత దూరం?
- డాసన్ నుంచి అలాస్కా వైపు వెళ్లే టాప్ ఆఫ్ ది వరల్డ్ హైవే మీద, సరిహద్దు దాటి నడపవచ్చా?
- ముందు అద్దం పగిలితే, టైరు కోసుకుపోతే ఖర్చు ఎవరిది?
- స్టెప్నీ పూర్తి సైజుదా, తాత్కాలికంగా వాడే సన్నని చక్రమా?
- రెండో స్టెప్నీ అద్దెకు ఇస్తారా?
- రోజుకు కిలోమీటర్ల పరిమితి ఉందా?

నాలుగో ప్రశ్న నేను మొదటిసారి అడగలేదు. టూంబ్‌స్టోన్ దాటి ఉత్తరంగా చాలా దూరం వెళ్లాక వెనక టైరు పక్క గోడ కోసుకుపోయింది. డిక్కీ తెరిస్తే సన్నని తాత్కాలిక చక్రం. దాన్ని బిగించుకుని, నెమ్మదిగా, ప్రతి గుంతనూ తప్పిస్తూ వెనక్కి వచ్చాం. అనుకున్న రెండు రోజుల నడక పోయింది. టైరు పక్క గోడ కోసుకుపోతే అతుకు నిలవదని అప్పుడే తెలిసింది. బండి తాళాలు చేతికి ఇచ్చిన చోటే డిక్కీ తెరిచి చూడండి. ఆ పనికి రెండు నిమిషాలు పట్టదు.

డెంప్‌స్టర్‌కు బండిలో ఉండాల్సినవి

- పూర్తి సైజు స్టెప్నీ (ఆ రోడ్డు మీద 369వ కిలోమీటరు దగ్గరి ఈగల్ ప్లెయిన్స్ దాకా వెళితే రెండు)
- జాకీ, వీల్ స్పానరు. మెత్తటి నేల మీద జాకీ కింద పెట్టడానికి చెక్క పలక
- టైరు పంక్చరు కిట్, గాలి నింపే చిన్న పంపు
- ఒక రోజుకు సరిపడా తిండి, మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు
- స్లీపింగ్ బ్యాగు లేదా మందపాటి దుప్పటి
- ఉపగ్రహ సందేశ పరికరం. ఊరు దాటాక మొబైల్ సిగ్నల్ ఉండదు
- ముందు అద్దం బీట మీద అంటించడానికి పారదర్శక టేపు

## 4. వైట్‌హార్స్‌లో ఒక పూట

దిగిన రోజే డాసన్‌కు బయల్దేరవద్దు. భారత్ నుంచి వచ్చేవారికి వేసవిలో పన్నెండున్నర గంటల తేడా ఉంటుంది. పగలు, రాత్రి పూర్తిగా తారుమారు అవుతాయి. నిద్రమత్తుతో అడవి రోడ్డు మీద 530 కిలోమీటర్లు నడపడం ప్రమాదం. ఒక రాత్రి ఆగండి. ఆ పూటలో కొనాల్సినవి ఇవి:

1. బేర్ స్ప్రే, అంటే ఎలుగుబంటి మీదికి వస్తే కొట్టే ఘాటైన మిరప మందు. విమానంలో చేతి సంచిలో గానీ, చెక్ ఇన్ సామానులో గానీ అనుమతించరు. ఇక్కడే కొనాలి. గడువు తేదీ చూడండి.
2. స్టవ్ గ్యాసు డబ్బా. దీనికీ అదే నియమం. స్టవ్ మాత్రం శుభ్రంగా తుడిచి తెచ్చుకోవచ్చు.
3. దోమల మందు, తలకు వల. జూన్, జూలైలో వెళ్లేవారికి.
4. సరుకులు. డాసన్‌లో కిరాణా దుకాణాలున్నాయి, కానీ ధర ఎక్కువ, రకాలు తక్కువ. బియ్యం, పప్పు, కూరగాయలు, పెరుగు వైట్‌హార్స్‌లోనే తీసుకోండి.

శాకాహారులకు ఒక సూచన. రోడ్డు పక్క తిండి దాదాపు మాంసం, రొట్టె, బంగాళాదుంప వేపుళ్లే. అటుకులు, ఉప్మా రవ్వ, పులిహోర పొడి, వేరుశనగ చిక్కీ వెంట ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చే పచ్చళ్లు, పొడులు కెనడా కస్టమ్స్ ఫారంలో తప్పకుండా చూపించండి. చూపించకపోవడమే నేరం.

దుస్తుల విషయంలో నూలు వద్దు. తడిస్తే ఆరదు, ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని లేదా సింథటిక్ బనీను, మధ్యలో స్వెట్టరు, పైన వానకు, గాలికి తట్టుకునే కోటు అని మూడు పొరలుగా వేసుకోండి. ఆగస్టులో అయినా చేతి తొడుగులు, చెవుల టోపీ ఉండాలి.

## 5. ఉత్తరానికి 530 కిలోమీటర్లు

వైట్‌హార్స్ నుంచి డాసన్‌కు నార్త్ క్లోండైక్ హైవే. ఆగకుండా నడిపితే ఆరు గంటలు, ఆగుతూ వెళితే ఎనిమిది. దారిలో కార్‌మాక్స్, పెల్లీ క్రాసింగ్, స్టివర్ట్ క్రాసింగ్ అనే చిన్న ఊళ్లొస్తాయి.

- పొద్దున్నే 511 యూకాన్ వెబ్‌సైటులో రోడ్డు పరిస్థితి చూడండి. మంటలు, వరద, మరమ్మతులు అన్నీ అందులో ఉంటాయి.
- కార్‌మాక్స్‌లో, పెల్లీ క్రాసింగ్‌లో ట్యాంకు నింపుకోండి. సగం ఉంది కదా అని వదిలేయవద్దు. తర్వాతి బంకు మూసి ఉండవచ్చు.
- కార్‌మాక్స్ దాటాక సుమారు 25 కిలోమీటర్లకు ఫైవ్ ఫింగర్ ర్యాపిడ్స్ చూసే చోటు వస్తుంది. నది నాలుగు బండల మధ్య ఐదు పాయలుగా చీలి దూకుతుంది. అరగంట ఆగండి.
- దుప్పులు సాయంత్రం, తెల్లవారుజామున రోడ్డు మీదికి వస్తాయి. అక్కడి మూస్ దుప్పి గుర్రమంత ఎత్తు ఉంటుంది. గుద్దితే కారు మిగలదు. ఆ వేళల్లో వేగం తగ్గించండి.

## 6. ఊళ్లో మొదటి రోజు

ఫ్రంట్ స్ట్రీట్‌లోని సందర్శకుల కేంద్రానికి ముందు వెళ్లండి. పడవలు, రోడ్లు, పర్యటన వేళలు అన్నీ అక్కడ ఒకేసారి తెలుస్తాయి. తర్వాత దగ్గరలోనే ఉన్న డానోజా జో సాంస్కృతిక కేంద్రం. ఇది ట్రాన్‌డెక్ హ్వెచిన్ ప్రజల భూమి. 'క్లోండైక్' అన్న మాట కూడా 'ట్రాన్‌డెక్' అన్న వారి మాట బయటివారి నోట మారగా వచ్చిందే. ట్రాన్‌డెక్-క్లోండైక్ ప్రాంతం 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. బంగారం వేట ఈ ప్రజల బతుకును ఎలా తలకిందులు చేసిందో ముందు ఇక్కడ తెలుసుకుంటే, మిగతా ఊరిని చూసే చూపు మారుతుంది. నదికి దిగువన ఉన్న మూస్‌హైడ్ వారి గ్రామం. పిలుపు లేకుండా అక్కడికి వెళ్లకూడదు.

ఊరి వీధులు ఎక్కువగా మట్టివే, పక్కన చెక్క నడకబాటలు. వాన పడితే బురద, ఎండ కాస్తే దుమ్ము. గట్టి బూట్లు వేసుకోండి. నేల అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే మట్టి కొన్ని చోట్ల కరిగి కుంగడంతో పాత భవనాలు కొన్ని ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. ఫొటోలు తీయండి, లోపలికి మాత్రం వెళ్లవద్దు.

సాయంత్రం మిడ్‌నైట్ డోమ్ కొండ ఎక్కండి. పైదాకా రోడ్డు ఉంది. రెండు నదులు కలిసే చోట నీటి రంగులు వేరువేరుగా కనిపిస్తాయి. క్లోండైక్ లోయ వెంట పురుగు పాకిన ఆనవాళ్లలా వంకర్లు తిరిగిన రాళ్ల గుట్టలు కనిపిస్తాయి. అవి బంగారం తవ్వే డ్రెడ్జ్ యంత్రాలు వెనక్కి వదిలిన రాళ్లు. మరుసటి రోజు చూడబోయేది అర్థం కావాలంటే ఈ దృశ్యం ముందు చూడాలి.

## 7. బొనాంజా వాగులో బంగారం గాలించడం

బొనాంజా వాగు రోడ్డు ఊరి అంచున మొదలవుతుంది. సుమారు 13 కిలోమీటర్లు వెళ్లాక డ్రెడ్జ్ నంబరు 4. ఎనిమిది అంతస్తుల ఎత్తున్న ఈ చెక్క పడవ యంత్రం వాగును తవ్వుకుంటూ ముందుకు పాకేది. వేసవిలో గైడు వెంట లోపలికి వెళ్లి చూడవచ్చు. ఇంకాస్త ముందుకు వెళితే మొదట బంగారం దొరికిన డిస్కవరీ క్లెయిమ్ (క్లెయిమ్ అంటే తవ్వుకునే హక్కు ఉన్న నేల ముక్క). అది రక్షిత స్థలం, అక్కడ గాలించకూడదు.

ఇక్కడ అతి ముఖ్యమైన నియమం: ఈ వాగుల్లో దాదాపు ప్రతి గజం ఎవరో ఒకరి గని హక్కు కింద ఉంటుంది. చాలా చోట్ల ఇప్పటికీ తవ్వకం జరుగుతోంది. ఖాళీగా కనిపించింది కదా అని దిగి కంకర తీస్తే అది దొంగతనమే. సందర్శకులు ఉచితంగా గాలించుకోవడానికి డిస్కవరీకి ఎగువన ఆరో నంబరు క్లెయిమ్‌ను విడిగా ఉంచారు. పళ్లెం మీరే తీసుకెళ్లాలి, ఊళ్లో దొరుకుతుంది. దొరికింది మీదే. యంత్రాలు వాడకూడదు.

గాలించడం మన ఇళ్లలో తెలిసిన పనే. బియ్యంలో రాళ్లు గాలించేటప్పుడు తేలికైన బియ్యం ముందుకు జారుతుంది, బరువైన రాయి అడుగున మిగులుతుంది. ఇక్కడ రాళ్లే ముందుకు జారాలి, బంగారం అడుగున మిగలాలి. బంగారం నీటికంటే 19 రెట్లు బరువు, మామూలు ఇసుక రెండున్నర రెట్లకు కొంచెం ఎక్కువ. పని జరిగేది ఈ తేడా వల్లే.

1. వాగు వంపులో లోపలి వైపు, పెద్ద బండ వెనక, లేదా అడుగు రాయి పగుళ్లలో ఉన్న కంకర తీయండి. నీటి వేగం తగ్గే చోటే బరువైనది దిగుతుంది. పళ్లెం మూడు వంతులు నింపండి.
2. పళ్లెం మొత్తం నీటిలో ముంచి, బంకమట్టి గడ్డలు వేళ్లతో చిదపండి. గడ్డలో అంటుకున్న బంగారం గడ్డతోనే పోతుంది.
3. పెద్ద రాళ్లను పళ్లెంలోనే కడిగి పడేయండి.
4. నీటి కిందే పళ్లేన్ని అటూ ఇటూ గట్టిగా ఊపండి. ఈ ఊపుకే బరువైనది అడుగుకు దిగుతుంది. చాలామంది ఇది మానేసి నేరుగా తిప్పడం మొదలుపెడతారు. బంగారం పైనే ఉండి నీటితో పోతుంది.
5. గాడులున్న వైపు ముందుకు ఉండేలా పళ్లేన్ని కొద్దిగా వంచి, నీటిని ముందుకు, వెనక్కి పోనిస్తూ పై పొరను కొంచెం కొంచెం కడగండి.
6. నాలుగైదు సార్లు కడిగాక మళ్లీ సమంగా పట్టుకుని ఊపండి. తర్వాత మళ్లీ కడగండి. 4, 5 అంచెలు మార్చి మార్చి చేయడమే ఇందులోని నేర్పు.
7. చివరికి చెంచాడు నల్ల ఇసుక మిగులుతుంది. ఇక్కడ తొందర వద్దు. కొద్దిగా నీళ్లు ఉంచి పళ్లేన్ని మెల్లగా తిప్పితే నల్ల ఇసుక విసనకర్రలా పరుచుకుని, తోక చివర పసుపు రేణువులు కనిపిస్తాయి.
8. పొడి వేలి కొనతో అద్ది, నీళ్లు నింపిన చిన్న సీసాలో వేయండి.

బంగారమా, అభ్రకమా అన్న సందేహం వస్తే నీడలోకి తీసుకెళ్లండి. అభ్రకం వెలుగు పడినప్పుడే తళుక్కుమంటుంది, నీడలో వెలవెలబోతుంది. బంగారం నీడలోనూ పసుపే. సూది మొనతో నొక్కితే బంగారం సొట్టపడుతుంది, అభ్రకం పొరలుగా చిట్లుతుంది.

వాగు నీళ్లు ఎముకలు కొరికే చల్లదనం. రబ్బరు చేతి తొడుగులు, రబ్బరు బూట్లు లేకపోతే పావుగంటకే వేళ్లు మొద్దుబారతాయి. పిల్లలుంటే రెండు జతల మేజోళ్లు అదనంగా పెట్టుకోండి.

పాత గుడిసెలు, పనిముట్లు, తుప్పు పట్టిన డబ్బాలు ఎక్కడ కనిపించినా తీసుకోవద్దు. అవి చట్టం కాపాడే చారిత్రక వస్తువులు.

## 8. నది దాటడం

యూకాన్ నది మీద డాసన్ దగ్గర వంతెన లేదు. గోదావరి మీద బండ్లను దాటించే పంటు చూసినవారికి ఇది కొత్త కాదు. వేసవిలో జార్జ్ బ్లాక్ ఫెర్రీ పగలూ రాత్రీ ఉచితంగా నడుస్తుంది. వరసలో నిలబడటమే తప్ప టికెట్టు ఉండదు. జూలైలో పెద్ద క్యాంపు బండ్లు వస్తే గంటల తరబడి ఆగాల్సి రావచ్చు. పొద్దున్నే దాటండి, లేదా కారు ఊళ్లోనే ఉంచి నడిచి ఎక్కండి.

అవతలి ఒడ్డున యూకాన్ రివర్ క్యాంపు మైదానం ఉంది. దాని చివరి నుంచి ఒడ్డు వెంట దిగువకు పది నిమిషాలు నడిస్తే పాత ఆవిరి పడవల శిథిలాలు కుప్పలుగా పడి ఉంటాయి. నీళ్లు పెరిగి ఉంటే ఆ దారి మునుగుతుంది. శిథిలాల మీదికి ఎక్కవద్దు. చెక్క కుళ్లిపోయింది, మేకులు పైకి లేచి ఉంటాయి.

అవతలి ఒడ్డు నుంచే అలాస్కాకు టాప్ ఆఫ్ ది వరల్డ్ హైవే. కొండల వీపు మీదుగా సాగే కంకర రోడ్డు. సరిహద్దు కార్యాలయం వేసవిలోనే తెరుస్తారు, రాత్రిళ్లు మూసేస్తారు. అలాస్కా గడియారం యూకాన్‌కంటే ఒక గంట వెనక నడుస్తుంది. వేళలు ఏ గడియారం ప్రకారం చెప్పారో చూసుకోండి.

## 9. టూంబ్‌స్టోన్: ఒక్క రోజా, మూడు రోజులా

డెంప్‌స్టర్ హైవే డాసన్‌కు తూర్పున 40 కిలోమీటర్ల దగ్గర మొదలవుతుంది. 71వ కిలోమీటరు దగ్గర టూంబ్‌స్టోన్ పార్కు సందర్శకుల కేంద్రం. అంటే ఊరి నుంచి రానుపోను సుమారు 220 కిలోమీటర్లు. ఈ మధ్యలో పెట్రోలు లేదు. తర్వాతి బంకు 369వ కిలోమీటరు దగ్గర ఈగల్ ప్లెయిన్స్‌లోనే. డాసన్‌లో ట్యాంకు నిండుగా నింపకుండా ఈ రోడ్డెక్కవద్దు.

ఈ రోడ్డు మీద నడపడం ఎలా

- గంటకు 70 కిలోమీటర్లు దాటవద్దు. వాన పడితే ఇంకా తక్కువ. తడిస్తే రోడ్డు సబ్బులా జారుతుంది.
- పగలైనా హెడ్‌లైట్లు వేసి ఉంచండి. దుమ్ములో ఎదుటివారికి కనపడేది అవే.
- ఎదురుగా లారీ వస్తే వేగం బాగా తగ్గించి కుడికి జరగండి. అద్దాలు పగిలేది లారీ చక్రాల కింద నుంచి ఎగిరిన రాళ్లకే.
- రోడ్డు అంచు మెత్తగా ఉంటుంది. ఫొటో కోసం ఆగాలంటే వెడల్పాటి చోటు వచ్చేదాకా ఆగండి.

ఒక్క రోజు ఉంటే: ముందు సందర్శకుల కేంద్రంలో ఎలుగుబంట్ల కదలికలు, కాలిబాటల పరిస్థితి అడగండి. తర్వాత 74వ కిలోమీటరు దగ్గరి నార్త్ ఫోర్క్ దృశ్య స్థలం. లోయ చివర టూంబ్‌స్టోన్ శిఖరం నల్లటి రంపపు పన్నులా నిలబడి కనిపిస్తుంది. ఆ దగ్గరే గోల్డెన్‌సైడ్స్ కాలిబాట, పిల్లలూ ఎక్కగలరు. ఓపిక ఉంటే తిరుగు దారిలో 58వ కిలోమీటరు దగ్గర వచ్చే గ్రిజ్లీ లేక్ బాటలో మొదటి దృశ్య స్థలం దాకా వెళ్లి రండి.

మూడు రోజులు ఉంటే: గ్రిజ్లీ లేక్ దాకా ఒక వైపు సుమారు 11 కిలోమీటర్లు. దూరం చూసి తేలిక అనుకోవద్దు. బరువు సంచితో, బండరాళ్ల మీద అడుగు చూసి వేస్తూ ఎనిమిది గంటలు పడుతుంది. దాని తర్వాత గ్లిసేడ్ కనుమ దాటి డివైడ్ లేక్, టాలస్ లేక్ వస్తాయి. కనుమ చాలా నిటారు, జారుడు. వాన పడుతుంటే దాటవద్దు.

- ఈ మూడు సరస్సుల దగ్గర బసకు ముందస్తు బుకింగ్ తప్పనిసరి. ఆగస్టు చివరి తేదీలు త్వరగా నిండుతాయి.
- తిండి పెట్టుకోవడానికి ఎలుగుబంటి తెరవలేని డబ్బా తప్పనిసరి.
- అక్కడ మంట వేయడం నిషేధం. స్టవ్ మాత్రమే.
- వాగు నీళ్లు మరిగించి తాగండి. అద్దంలా కనిపించినా వాటిలో కడుపును పాడుచేసే జియార్డియా ఉండవచ్చు.
- బాట వదిలి నాచు మీద నడవవద్దు. అక్కడి నేల కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

ఇంకా ఉత్తరాన 405వ కిలోమీటరు దగ్గర ఆర్కిటిక్ వలయం గుర్తు ఉంది. దానికోసం రెండు రోజులు, రెండు స్టెప్నీలు లేకపోతే ఆశ పెట్టుకోవద్దు. మొదటిసారి వెళ్లేవారికి ఆ సమయం టూంబ్‌స్టోన్‌లోనే గడపమని చెబుతాను.

## 10. ఎలుగుబంట్లు, మన పచ్చళ్లు

ఈ కొండల్లో గ్రిజ్లీ, నల్ల ఎలుగుబంటి రెండూ ఉన్నాయి. చాలా ప్రమాదాలు హఠాత్తుగా ఎదురుపడటం వల్ల, తిండి వాసన వల్ల జరుగుతాయి. రెండింటినీ మనం తప్పించవచ్చు.

- గుంపుగా, మాట్లాడుకుంటూ నడవండి. పొదలు, మలుపులు, వాగు హోరు ఉన్న చోట చప్పట్లు కొట్టండి, పాడండి.
- బేర్ స్ప్రే నడుము పట్టీకి ఉండాలి, సంచి లోపల కాదు. క్లిప్పు తీయడం ముందు రోజే సాధన చేయండి.
- దూరంగా కనిపిస్తే కనీసం 100 మీటర్ల ఎడం ఉంచండి. పిల్ల కనిపిస్తే తల్లి దగ్గరలోనే ఉంటుంది, వెనక్కి తిరగండి.
- దగ్గరగా ఎదురైతే పరుగెత్తవద్దు. నిలబడి, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి అడుగులు వేయండి. మీదికి దూసుకొస్తే స్ప్రే వాడండి. ఐదారు మీటర్ల దూరంలో, దాని ముఖానికి కొంచెం కిందుగా, మబ్బులా అడ్డుపడేలా కొట్టాలి.

మనవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది వాసన గురించి. ఆవకాయ, నెయ్యి, మసాలా పొడి, కొబ్బరి నూనె, టూత్‌పేస్టు, పిల్లల చాక్లెట్టు ఏదీ డేరాలో ఉండకూడదు. అన్నీ ఆ గట్టి డబ్బాలోకే వెళ్లాలి. పోపు పెట్టిన చొక్కాతో డేరాలో పడుకోవద్దు, వంట దుస్తులు వేరుగా ఉంచండి. కొండ మీద తాలింపు మానేసి, వేడినీళ్లతో అయిపోయే అటుకులు, ఓట్లు, పప్పు పొడితో సరిపెట్టుకోవడమే క్షేమం. గిన్నె కడిగిన నీళ్లు డేరాకు దూరంగా, అక్కడ చూపించిన చోటే పోయండి.

## 11. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సవరణలు

బంకు మూసి ఉంది, ట్యాంకు పావు వంతే ఉంది. ముందుకు వెళ్లవద్దు. వెనకటి ఊరికి సరిపోతుందో లెక్కవేసి తిరగండి. సరిపోకపోతే అక్కడే ఆగి దారినపోయేవారిని ఆపండి. అక్కడ ఆగిన బండిని చూసి ఎవరూ ఊరికే దాటిపోరు. మీరూ అలాగే ఆగండి.

ముందు అద్దం మీద చిన్న బీట పడింది. వెంటనే టేపు అంటించి దుమ్ము, నీళ్లు చేరకుండా చూడండి. చల్లటి అద్దం మీద హీటరు ఒక్కసారిగా పెద్దది చేయవద్దు, బీట పాకుతుంది.

పొగ వల్ల రోడ్డు మూశారు. ఖాళీ రోజు ఉన్నది ఇందుకే. గది పొడిగించుకుని 511 చూస్తూ ఉండండి. అడ్డు పలకలు తప్పించుకుని వెళ్లవద్దు.

నడకలో తడిసి వణుకు మొదలైంది. నడుస్తూ ఆరబెట్టుకుందామని అనుకోవద్దు. ఆగి, తడి బట్టలు విప్పి పొడివి వేసుకుని, తీపిది ఏదైనా తిని, వేడినీళ్లు తాగండి. మాట తడబడితే వెంటనే సహాయం కోరండి.

## 12. ఎనిమిది రోజుల అమరిక

1. వైట్‌హార్స్: నిద్ర, సరుకులు, బండి తనిఖీ
2. డాసన్‌కు ప్రయాణం
3. ఊరు, సాంస్కృతిక కేంద్రం, మిడ్‌నైట్ డోమ్
4. డ్రెడ్జ్, ఆరో నంబరు క్లెయిమ్. సాయంత్రం ఫెర్రీ, పాత పడవలు
5. టూంబ్‌స్టోన్, క్యాంపు మైదానంలో బస
6. టూంబ్‌స్టోన్ నడక, రాత్రికి డాసన్
7. ఖాళీ రోజు
8. వైట్‌హార్స్‌కు తిరుగు ప్రయాణం. విమానం మరుసటి రోజు

ఎనిమిదో రోజు రాత్రికే విమానం పెట్టుకోవద్దు. వైట్‌హార్స్ చేరాక కారును నీళ్లతో కడిగించి, నాలుగు టైర్లు, ముందు అద్దం ఫొటోలు తీసి అప్పగించండి. వాడని బేర్ స్ప్రే విమానంలో రాదు కాబట్టి బస చేసిన చోట, ఉత్తరానికి బయల్దేరుతున్న ఎవరికైనా ఇచ్చేయండి. రెండోసారి వెళ్లినప్పుడు మాకు స్ప్రే అలాగే ఒక వృద్ధ దంపతుల నుంచి అందింది. తిరిగి వచ్చేటప్పుడు మేమూ దాన్ని సీలు తీయకుండానే మరొకరి చేతిలో పెట్టాం.